పి0171 కోడ్: ఆక్సిజన్ సెన్సార్ మార్చినా లైటు మళ్ళీ వస్తోంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పోయిందంటున్నారు, నిజమేనా?

వంశధార_ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. బండి 2017 మోడల్, 1.2 పెట్రోల్ చిన్న కారు, లక్ష కిలోమీటర్లు దాటింది. వానలు మొదలైన దగ్గర్నుంచి చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. మొదట్లో లైటు ఒక్కటే, బండిలో ఏ తేడా లేదు, ఇప్పుడు రైలు గేటు పడి ఆగితే ఇంజన్ సన్నగా వణుకుతోంది, మైలేజీ పడిపోయింది, బండి వెనకాల నిలబడితే సైలెన్సర్ లోంచి పెట్రోల్ వాసన వస్తోంది.

ఊళ్ళో మెకానిక్ స్కానర్ పెట్టి పి0171 అన్నాడు. లీన్ అంట, అంటే పెట్రోల్ తక్కువ గాలి ఎక్కువ అవుతోందని. ఇది వస్తే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్ పోయినట్టే అని ముందున్న సెన్సార్ మార్చీసాడు, కొత్తది, కంపెనీదే, తక్కువ ఖరీదేం కాదు. కోడ్ చెరిపేసి పంపాడు, వారం తిరక్కుండానే మళ్ళీ లైటు, మళ్ళీ అదే కోడ్. మళ్ళీ తీసుకెళ్తే ప్లగ్గులు విప్పి చూపించాడు, నాలుగూ నల్లగా మసి పట్టి ఉన్నాయి. "చూడండి, కంప్యూటరేమో లీన్ అంటోంది, ప్లగ్గులేమో పెట్రోల్ ఎక్కువై నల్లబడ్డాయి, అంటే ఈసీయూకే మతి పోయింది, అది మార్చాలి" అన్నాడు. ఆ రేటు వింటే నాకు నిద్ర పట్టట్లేదు. మనిషి మంచోడే, మోసం చేసే రకం కాదు, మా నాన్నగారి బండి నుంచీ అతనే చూస్తున్నాడు. కానీ ఒకసారి డబ్బు పోశాక మళ్ళీ ఇంత పెట్టాలంటే భయంగా ఉంది. విశాఖ తీసుకెళ్ళాలా, ఇక్కడే ఏమైనా చూసుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.


సుంకి_ఘాట్ (జయపురం)

తమ్ముడూ ముందు ఒక్క మాట చెప్పు, పెట్రోల్ ఎక్కడ కొట్టిస్తున్నావు? మా కొరాపుట్ వైపు లోపలి ఊళ్ళల్లో బంకు దూరమని కిరాణా కొట్లల్లో సీసాల్లో అమ్ముతారు కదా, వానాకాలంలో ఆ సీసా మూత సరిగ్గా లేకపోతే తేమ దిగిపోతుంది. ఇప్పుడు వచ్చేది ఈ20, ఇరవై శాతం ఇథనాల్, అది నీళ్ళని లాక్కుంటుంది, ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి చేరతాయి. పంపు పీల్చేది ఆ అడుగునుంచే. నా బండి ఒకసారి పొట్టంగి దగ్గర ఇలాగే మొరాయిస్తే ట్యాంకు దింపి చూస్తే అడుగున మడ్డి. అయితే నాకు వచ్చింది మిస్ కొట్టడం (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం), నీలాగ లీన్ ఒక్కటే కాదు. పెట్రోల్ మంచి బంకుదే అయితే ఈ మాట పక్కన పెట్టెయ్.

ఈసీయూ మాత్రం తొందరపడి మార్చకు. నా ట్యాక్సీ బళ్ళల్లో నేను చూసినంతలో ఈసీయూ దానంతట అది పోయిన బండి దాదాపు లేదు, పోయినవన్నీ నీళ్ళల్లో మునిగినవీ, బండి స్టార్ట్ అవ్వక వేరే బ్యాటరీ తెచ్చి ప్లస్ మైనస్ తిప్పి పెట్టినవీ.


పానా_నంబర్10 (బరంపురం)

మాస్టారూ, ఈసీయూ మార్చకండి. పాతిక సంవత్సరాలుగా ఇదే పని మీద ఉన్నాను, మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

ముందు కోడ్ సంగతి. కోడ్ ఏ పార్టు పోయిందో చెప్పదు, ఈసీయూ తనలో తాను చేసుకునే పరీక్షల్లో ఏది తప్పిందో చెబుతుంది, అంతవరకే. పి0171 అంటే ఒకటో బ్యాంకులో, అంటే ఇంజన్‌లో ఒక వరస సిలిండర్లలో, మిశ్రమం లీన్‌గా ఉంది అని. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆక్సిజన్ సెన్సార్ పదేపదే ఆక్సిజన్ ఎక్కువ ఉంది అంటుంటే ఈసీయూ పెట్రోల్ పెంచుకుంటూ పోయి, తను పెంచగలిగిన హద్దు దగ్గరికి వచ్చి, ఇంక నా వల్ల కాదు అని లైటు వెలిగించింది. అంటే ఇక్కడ సెన్సార్ వార్తాహరుడు. వార్త తెచ్చినవాణ్ణి మార్చేశారు, వార్త మారలేదు, ఎందుకంటే అక్కడ నిజంగానే ఆక్సిజన్ ఉంది. సెన్సార్ చచ్చిపోతే వేరే కోడ్లు వస్తాయి, పి0131, పి0133, పి0135 ఇలాంటివి, సిగ్నల్ వోల్టేజీ తక్కువనో, కదలడం నెమ్మదించిందనో, లోపలి హీటర్ పని చెయ్యట్లేదనో. ఈసీయూ లోపలే లోపం ఉంటే పి0606 లాంటిది వస్తుంది, లేదా స్కానర్ అసలు కలవదు. మీ ఈసీయూ స్కానర్‌తో మాట్లాడుతోంది, పరీక్ష చేస్తోంది, తప్పింది చెబుతోంది. దానికి మతి బాగానే ఉంది.

ఇప్పుడు ఆ నల్ల ప్లగ్గులు. లీన్ కోడ్ వచ్చి ప్లగ్గులు నల్లగా ఉంటే అది చాలా విలువైన గుర్తు, మీ మెకానిక్ దాన్ని చూశాడు, చూపించాడు, కానీ తిరగేసి అర్థం చేసుకున్నాడు. ఇంజన్‌లో నిజంగా పెట్రోల్ తక్కువైతే ప్లగ్గులు తెల్లబారతాయి. నల్లబడ్డాయంటే లోపల పెట్రోల్ ఎక్కువే పడుతోంది, ఆ సైలెన్సర్ వాసనా అదే, మైలేజీ పడిపోవడమూ అదే. అంటే ఇంజన్ లీన్ కాదు, సెన్సార్ దగ్గరికి వచ్చిన పొగ మాత్రమే లీన్‌గా కనిపిస్తోంది. ఇంజన్‌కీ సెన్సార్‌కీ మధ్యలో ఎక్కడో తేడా జరుగుతోంది. ఇది నా అనుమానం, అనుమానం మీద పార్టులు కొనకూడదు, అందుకని కొన్ని అంకెలు కావాలి.

బండి కంప్యూటర్‌ని ఫోన్‌కి కలిపే ఈఎల్‌ఎం327 బ్లూటూత్ ముక్క ఒకటి కొనండి, ఫోన్‌లో టార్క్ గానీ కార్ స్కానర్ గానీ యాప్ పెట్టుకోండి. స్టీరింగ్ కింద డాష్‌బోర్డులో పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో పెట్టాలి. పని అయ్యాక తీసెయ్యండి, పదహారో పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది కాబట్టి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. మన దేశంలో కార్లకి ఓబీడీ (బండి తన తప్పులు తానే కనిపెట్టి కోడ్ రూపంలో చెప్పే పద్ధతి) మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది, మీది 2017 కాబట్టి కావలసినవన్నీ చదువుతుంది.

కోడ్ చెరపక ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూడండి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎంత ఆర్‌పీఎం, ఎంత వేడి, బండి స్పీడు ఎంత, అన్నీ అందులో రాసి ఉంటాయి. చెరిపేస్తే అదీ పోతుంది, మీ మెకానిక్ అదే పోగొట్టాడు. మళ్ళీ కోడ్ వచ్చింది అన్నారు కాబట్టి ఇప్పుడు కొత్తది ఉండాలి. తరవాత ఇంజన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో ఐడిల్ మీద (యాక్సిలేటర్ తొక్కకుండా) ఒకసారి, యాక్సిలేటర్ తొక్కి 2500 దగ్గర నిలకడగా పట్టుకుని ఒకసారి, మూడు అంకెలు రాయండి: షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, మ్యాప్ సెన్సార్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం లోపలి ఒత్తిడి) కిలోపాస్కల్. ట్రిమ్ ప్లస్‌లో ఉంటే ఈసీయూ అంత శాతం పెట్రోల్ ఎక్కువ పోస్తోందని, మైనస్ అయితే తగ్గిస్తోందని. రెండూ కలిపి ఐదు లోపల అటూ ఇటూ ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు, పది దాటితే వెతకాలి, ఇరవై దాటి అక్కడే నిలిచిపోతే లైటు వెలుగుతుంది.


కిమిడి_వైరింగ్ (పర్లాకిమిడి)

నేనైతే ముందు రబ్బరు గొట్టాలు చూస్తాను. లక్ష దాటిన బండికి పీసీవీ హోస్ (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్ళీ పీల్చే గొట్టం) పగిలిపోవడం, బ్రేక్ బూస్టర్ గొట్టం చివర వదులవ్వడం మామూలే. ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టాలు) దగ్గర దొంగగాలి పీల్చితే లీన్ కోడ్ వస్తుంది, ఐడిల్‌లో వణుకుతుంది, గేటు దగ్గర ఆగినప్పుడు అన్నారు కదా. సబ్బు నీళ్ళు చల్లి చూడండి, ఇంజన్ శబ్దం మారితే అక్కడే లీకు. కొందరు అగరబత్తి పొగ పెట్టి పొగ ఎటు లాగుతోందో చూస్తారు, పెట్రోల్ గొట్టాల పక్కన నిప్పు పెట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకండి.

ఇంకోటి, మా దగ్గర వానాకాలంలో వచ్చే కేసుల్లో చాలా వరకు ఎలకలే. పొలాల్లో నీళ్ళు నిండాక ఎలకలు ఇళ్ళల్లోకి, బళ్ళల్లోకి వచ్చేస్తాయి. బానెట్ తెరిచి సెన్సార్ వైర్లు కొరికి ఉన్నాయేమో, కనెక్టర్ లాగి చూస్తే లోపల పిన్నులు ఆకుపచ్చగా చిలుము పట్టాయేమో చూడండి.


పానా_నంబర్10 (బరంపురం)

కిమిడి తమ్ముడు చెప్పింది మంచి మాటే, వైర్లు చూడటం ఎప్పుడూ మొదటి పని. కానీ దొంగగాలి విషయంలో ఒక తేడా ఉంది, చాలామంది గమనించరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

లోపలికి వెళ్ళే గాలిని కొలిచే పద్ధతులు రెండు. కొన్ని బళ్ళల్లో ఎయిర్ ఫిల్టర్ తరవాత మాఫ్ సెన్సార్ ఉంటుంది, అది వెళ్ళే గాలిని అక్కడే తూకం వేస్తుంది. దాని తరవాత గొట్టం పగిలి గాలి దూరితే ఆ గాలి లెక్కలోకి రాదు, ఈసీయూ తక్కువ పెట్రోల్ పోస్తుంది, లీన్ కోడ్ వస్తుంది. కానీ మన చిన్న పెట్రోల్ కార్లల్లో చాలావాటికి మాఫ్ ఉండదు, మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. అక్కడ గాలి ఎక్కడ నుంచి దూరినా మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, మ్యాప్ దాన్ని చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోసేస్తుంది. అందుకని ఇలాంటి బండిలో గొట్టం పగిలితే మామూలుగా లీన్ కోడ్ కంటే ముందు ఐడిల్ ఆర్‌పీఎం పెరుగుతుంది, మ్యాప్ అంకె ఎక్కువ చూపిస్తుంది. అందుకే మ్యాప్ అంకె అడిగాను. ఐడిల్‌లో 30 నుంచి 40 మధ్య ఉంటే గొట్టాల మీద నాకు అనుమానం తగ్గుతుంది.


సుంకి_ఘాట్ (జయపురం)

అన్నా మ్యాప్ అంటే గుర్తొచ్చింది, మావాళ్ళకి ఒక హెచ్చరిక. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా మ్యాప్ చూస్తే బయట గాలి ఒత్తిడి చూపించాలి. బరంపురంలో, గుణుపురంలో అది 100 దగ్గర ఉంటుంది. కొరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తు, అక్కడ 91 చూపిస్తే అది సరైన అంకె. ఇది తెలియక సెమిలిగుడ దగ్గర ఒకాయన బాగున్న మ్యాప్ సెన్సార్ తీయించి కొత్తది వేయించాడు, కొత్తదీ 91 చూపించింది.


వంశధార_ఒడ్డు (గుణుపురం)

అన్నలందరికీ చాలా థ్యాంక్స్. ఆ బ్లూటూత్ ముక్క తెప్పించాను. పెట్రోల్ ఎప్పుడూ హైవే మీద బంకులోనే కొట్టిస్తాను, సీసా పెట్రోల్ ఎప్పుడూ పొయ్యలేదు. వైర్లు టార్చ్ వేసి చూశాను, ఎక్కడా కొరకలేదు, సెన్సార్ కనెక్టర్ లోపల ఇత్తడి పిన్నులు మెరుస్తున్నాయి.

ఫ్రీజ్ ఫ్రేమ్: ఆర్‌పీఎం 760, ఇంజన్ వేడి 88, బండి స్పీడు 0.
ఐడిల్‌లో: లాంగ్ టర్మ్ ప్లస్ 19, షార్ట్ టర్మ్ ప్లస్ 4 అటూ ఇటూ, మ్యాప్ 33.
2500లో: లాంగ్ టర్మ్ ప్లస్ 5, షార్ట్ టర్మ్ ప్లస్ 1, మ్యాప్ 27, 28 దగ్గర.
తాళం ఆన్, ఇంజన్ ఆఫ్: మ్యాప్ 99.

దీన్నిబట్టి ఏటి అర్థమైంది అన్నా? ఇంకోటి, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్ అని సన్నగా కొట్టుకున్నట్టు శబ్దం వస్తాది, బండి వేడెక్కాక పోతాది. వాల్వులనుకుని పట్టించుకోలేదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?


పానా_నంబర్10 (బరంపురం)

ఉంది. ఆ టిక్ టిక్ చెప్పారు చూడండి, మిగతా అనుమానం కూడా తీరిపోయింది.

కోడ్ పడినప్పుడు స్పీడు సున్నా, ఆర్‌పీఎం 760, అంటే నిలబడి ఉండగా పడింది. ఐడిల్‌లో ఇరవై మూడు శాతం ఎక్కువ పెట్రోల్, అదే 2500కి వచ్చేసరికి ఆరు. పంపు బలహీనపడినా, ట్యాంకులో ఫిల్టర్ మూసుకుపోయినా దీనికి వ్యతిరేకంగా ఉంటుంది, ఐడిల్‌లో బాగుండి ఘాట్ ఎక్కేటప్పుడు, ఫుల్ లోడు మీద ట్రిమ్ పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడే పెట్రోల్ ఎక్కువ కావాలి. ఇంజెక్టర్లు మూసుకుపోతే రెండుచోట్లా పెరుగుతుంది. ఈ20 వల్ల పాత బండికి కొంత పెరగడం నిజమే, మామూలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళు గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గర చాలు, అంటే అంతే గాలికి ఇంకొంచెం ఎక్కువ పెట్రోల్ పొయ్యాలి, కానీ అదీ అన్ని స్పీడుల్లోనూ సమంగా, మహా అయితే తొమ్మిది శాతం దాకా వస్తుంది, ఐడిల్‌లో ఒక్కచోటే ఇరవై రాదు. మీ 2500లో ఉన్న ఆ ప్లస్ 5 బహుశా అదే. మ్యాప్ 33, ఆర్‌పీఎం 760, రెండూ మామూలే, కాబట్టి ఇంటేక్ గొట్టాలు కావు.

మిగిలింది ఎగ్జాస్ట్. ఇంజన్ హెడ్‌కీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కీ (సిలిండర్ల పొగ బయటికి పోయే గొట్టాలు) మధ్య ప్యాకింగ్ కాలిపోయినా, దాన్ని బిగించే స్టడ్ (తల లేని బోల్టు) విరిగినా, మానిఫోల్డ్ వెల్డింగ్ దగ్గర చీరినా, ముందు సెన్సార్‌కి పైన ఎక్కడో సందు ఉంది. పొగ బయటికి వస్తుంది కదా గాలి లోపలికి ఎలా వెళ్తుంది అని అడుగుతారు అందరూ. పొగ ఒకే ధారగా రాదు, ఒక్కో సిలిండర్ వదిలినప్పుడల్లా ఒక్కో దెబ్బగా వస్తుంది, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్యలో ఆ గొట్టంలో ఒత్తిడి బయటికంటే తగ్గుతుంది, ఆ క్షణంలో సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఐడిల్‌లో దెబ్బల మధ్య ఎడం ఎక్కువ, పొగ తక్కువ, కాబట్టి దూరిన గాలి లెక్క ఎక్కువ. ఆర్‌పీఎం పెంచితే పొగ ఎక్కువై దూరే గాలి లెక్కలోకి రాదు. సెన్సార్ ఆ గాలిలో ఆక్సిజన్ చూసి లీన్ అంటుంది, ఈసీయూ నమ్మి పెట్రోల్ పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుని టిక్ టిక్ అంటుంది, ఇనుము వేడెక్కి వ్యాకోచించాక చాలావరకు మూసుకుంటుంది, శబ్దం పోతుంది.

ఎలా చూడాలంటే, రాత్రంతా ఆపి ఉంచిన బండి పొద్దున్నే బానెట్ తెరవండి, మానిఫోల్డ్ మీద రేకు కవచం ఉంటుంది, దాని బోల్టులు పది నంబరు పానాకి వస్తాయి, విప్పి పక్కన పెట్టండి. ప్యాకింగ్ అంచు వెంట, స్టడ్‌ల చుట్టూ నల్ల మసి గీత గానీ బూడిదరంగు పొడి గానీ ఉంటే అదే చోటు. కనిపించకపోతే ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి ఊదే వైపు గొట్టం సైలెన్సర్ చివర గుడ్డ చుట్టి బిగించి ఆన్ చెయ్యండి, ఇంజన్ ఆఫ్‌లోనే, చల్లగానే. పైన సబ్బు నురుగు రాస్తే సందు దగ్గర బుడగలు వస్తాయి. సెన్సార్ మార్చినప్పుడు మర సరిగ్గా బిగించారో లేదో, అక్కడ కూడా నురుగు రాయండి.

ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. ఇంజన్ దగ్గర ఎగ్జాస్ట్ లీకు ఉందంటే ఆ పొగ ఏసీ గాలి పీల్చే చోటుకి దగ్గరే. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. బాగు చేయించేదాకా పిల్లల్ని కూర్చోబెట్టి ఏసీ వేసి నిలబెట్టకండి, షెడ్డు తలుపులు మూసి స్టార్ట్ చెయ్యకండి, కిటికీ కొంచెం దించి తోలండి.


వంశధార_ఒడ్డు (గుణుపురం)

దొరికింది అన్నా! మన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళి మీరు రాసిందంతా చదివి వినిపించాను. మొదట నమ్మలేదు గానీ, ఓపిగ్గా రేకు విప్పాడు. నాలుగో సిలిండర్ వైపు చివర స్టడ్ తల దగ్గర విరిగిపోయి ఉంది, నట్టు లేదు, ఎప్పుడో రోడ్డు మీద పడిపోయినట్టుంది. అక్కడ నుంచి మూడో సిలిండర్ దాకా ప్యాకింగ్ అంచు పొడుగునా కాటుక రాసినట్టు నల్ల గీత, చివర ప్యాకింగ్ రేకు కాలిపోయి వేలితో ముట్టుకుంటే రాలిపోతోంది. అతను చాలాసేపు దాన్నే చూసి "ఇది నాకు తెలిసుంటే సెన్సార్ అమ్మేవాణ్ణి కాదు బాబూ" అన్నాడు, పని కూలి తీసుకోనన్నాడు, నేనే బలవంతంగా ఇచ్చాను.

ఇప్పుడు విరిగిన స్టడ్ లోపలే ఉండిపోయింది. డ్రిల్ వేస్తానంటున్నాడు. ప్యాకింగ్‌కి సిలికాన్ కూడా రాస్తే ఇంక లీకు రాదంటున్నాడు. చేయించమంటారా?


పానా_నంబర్10 (బరంపురం)

సిలికాన్ వద్దు, ఆ వేడికి అది నిలవదు, కాలి ఆ ఆవిరి సెన్సార్ మీద పూతలా పేరుకుంటుంది, అప్పుడు మీ కొత్త సెన్సార్ నిజంగానే పోతుంది. ఈ ప్యాకింగ్ స్టీలు రేకుల పొరలది, పొడిగానే వెయ్యాలి.

డ్రిల్ చివరి మార్గం. హెడ్ అల్యూమినియం, స్టడ్ ఉక్కు, బిట్ జారితే మెత్తగా ఉన్న హెడ్ వైపే పోతుంది. ముందు తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా నాననివ్వండి. స్టడ్ ముక్క కొంచెం బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి, ఆ వేడి మీదే నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదుపుతూ తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ మైనస్ తప్పకుండా విప్పాలి, ఈసీయూ కనెక్టర్ కూడా లాగేస్తే మరీ మంచిది, ఇంత చేసి బాగున్న ఈసీయూని వెల్డింగ్ కరెంటుకి బలి ఇవ్వకూడదు. ఇంజెక్టర్ పైపుల మీద తడిగుడ్డ కప్పి, ఒక మనిషి మంట ఆర్పే సిలిండర్‌తో పక్కనే ఉండాలి.

మానిఫోల్డ్ విప్పాక దాని ముఖం మీద స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. స్కేలు కింద వెలుగు కనిపిస్తే వంగినట్టు, లేత్ షాపులో ముఖం తీయించాలి, రాయగడలో చేస్తారు. వంగిన మానిఫోల్డ్‌కి ఎన్ని కొత్త ప్యాకింగ్‌లు వేసినా మళ్ళీ అక్కడే కాలుతుంది, మళ్ళీ ఆ చివరి స్టడ్డే విరుగుతుంది. నట్లు అన్నీ కొత్తవి వెయ్యండి, నడిమి నుంచి మొదలెట్టి అటొకటి ఇటొకటి చివరలకి వెళ్తూ బిగించాలి, మొదటిసారి సగం, రెండోసారి పూర్తిగా.


కిమిడి_వైరింగ్ (పర్లాకిమిడి)

పానా అన్నా, మధ్యలో దూరుతున్నాను, మా బావగారి బండికి పి0302 వస్తోంది, లైటు ఒక్కోసారి వెలిగి ఉండటం కాదు, టపటపా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. రెండో సిలిండర్ మిస్ అని తెలుసు. కాయిల్ కొనాలా ప్లగ్ కొనాలా?


పానా_నంబర్10 (బరంపురం)

ఇంకా ఏదీ కొనొద్దు. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టి, కోడ్ చెరిపి తోలండి. పి0303 వస్తే తప్పు కాయిల్‌తో పాటు కదిలింది, కాయిల్ మార్చాలి. పి0302 అలాగే ఉంటే ప్లగ్గులతో అదే పని చెయ్యండి, తరవాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్. కాయిల్ పీకినప్పుడు ప్లగ్ గొయ్యిలో ఆయిల్ ఉందేమో చూడండి, వాల్వ్ కవర్ సీల్ పోతే ఆయిల్ దిగి రబ్బరు బూటు మెత్తబడి కరెంటు పక్కకి పారుతుంది, అప్పుడు సీల్ మార్చకుండా కాయిల్ ఒక్కటే మారిస్తే అదీ పోతుంది.

లైటు ఆరుతూ వెలుగుతోందంటే మాత్రం తోలడం తగ్గించమనండి. కాలని పెట్రోల్ నేరుగా పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది, ఆ వేడికి లోపలి జల్లెడ కరిగిపోతుంది. దాని ధర ముందు కాయిల్ ధర లెక్కలోకి రాదు. ఆ బండిలో పాతపట్నం దాకా కూడా వెళ్ళొద్దు.


వంశధార_ఒడ్డు (గుణుపురం)

స్టడ్ నట్టు వెల్డింగ్‌తోనే వచ్చీసింది అన్నా, డ్రిల్ అక్కర్లేకపోయింది. బ్యాటరీ విప్పించాను, ఈసీయూ కనెక్టర్ లాగించాను. మానిఫోల్డ్ స్కేలు కింద సన్నగా వెలుతురు కనిపించింది, రాయగడ పంపి ముఖం తీయించాం. ప్యాకింగ్, స్టడ్డు, నట్లు, లేత్, కూలి అన్నీ కలిపినా సెన్సార్‌కి పెట్టినదాంట్లో సగం అవలేదు. పొద్దున్న స్టార్ట్ చేస్తే టిక్ టిక్ లేదు. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 5, 2500లో ప్లస్ 4. పార్వతీపురం వెళ్ళొచ్చాను, లైటు రాలేదు. కోడ్ మాత్రం నేను చెరపలేదు, లైటు ఎలా ఆరింది?


పానా_నంబర్10 (బరంపురం)

వెల్డింగ్‌కి బ్యాటరీ విప్పారు కదా, అప్పుడే కోడూ ఫ్రీజ్ ఫ్రేమూ పాత ట్రిమ్ లెక్కలూ చెరిగిపోయాయి. విప్పకపోయినా తప్పు సరైతే వరసగా మూడు డ్రైవ్ సైకిల్స్ (స్టార్ట్ చేసి తోలి ఆపడం ఒక సైకిల్) పరీక్ష పాస్ అయ్యాక లైటు దానంతట అదే ఆరేది. ఇప్పుడు యాప్‌లో రెడీనెస్ మానిటర్లు (ఈసీయూ పరీక్షల్లో ఏవి పూర్తయ్యాయో చెప్పే జాబితా) చూడండి, క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సార్ పక్కన ఇంకా పూర్తి కాలేదు అని ఉంటే ఇంకొన్ని రోజులు ఊళ్ళోనూ హైవే మీదా కలిపి తోలండి. అన్నీ పూర్తయ్యాక కూడా పెండింగ్ కోడ్ లేకపోతే పని అయిపోయినట్టే. ఇన్నాళ్ళు పెట్రోల్ ఎక్కువ తాగింది కాబట్టి ఇంజన్ ఆయిల్ ఈసారి గడువుకి ముందే మార్పించండి, డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ కలిసిందో లేదో తెలుస్తుంది. ప్లగ్గులు మసి తుడిచి మళ్ళీ పెట్టొచ్చు, లక్ష దాటాయి కాబట్టి మార్చినా డబ్బు దండగ కాదు. పాత ఆక్సిజన్ సెన్సార్ అతని దగ్గరే ఉంటే అడిగి తెచ్చుకోండి, అది బాగున్నదే.